మేస్త్రి బాబాయి లేని ఏడాది: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికను ఉగాదితో మొదలుపెట్టి జమాఖర్చులతో ముగిస్తాం. ఈసారి అలా రాయడానికి చెయ్యి రాలేదు. మన హాలు కట్టిన మేస్త్రి బాబాయి వానలు మొదలైన రోజుల్లో పోయారు. ఆ తర్వాత మనం చేసిన పనుల్లో సగానికి పైగా ఆయన సగంలో వదిలి వెళ్లినవే. అందుకని ముందు ఆయన సంగతి, తర్వాత మిగతావి. పేరు రాయడం లేదు. హాలు గోడ మీద రాతిపలకలో తన పేరు వద్దని పట్టుబట్టిన మనిషి, ఇక్కడా వద్దనే అనేవారు.

కొత్తగా చేరినవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్లాలి. ఆమదాలవలసలో హౌరా మెయిల్ జనరల్ బోగీ ఎక్కి ఇక్కడ మద్రాసులో దిగేనాటికి ఆయనకు మీసాలు కూడా సరిగ్గా రాలేదట. 1996లో మద్రాసు చెన్నై అయింది గానీ ఆయన నోట మాత్రం చివరిదాకా మద్రాసే. ముందు తట్ట మోశారు, తర్వాత మాలు కలిపారు, తర్వాత తాపీ పట్టారు, మెల్లగా సొంతంగా ఇళ్లు కట్టించే స్థాయికి వచ్చారు. మొదటి రోజుల్లో పిన్నమ్మ కూడా ఆయన పక్కనే ఇటుకలు మోసింది. పోరూరు, రామాపురం, వలసరవాక్కం వైపు మన సభ్యుల్లో చాలామంది ఇళ్లు ఆయన చేతి మీద లేచినవే.

ఆదివారం మాత్రం పని పెట్టుకునేవారు కాదు. ఇంటివాళ్లు ఎంత తొందరపెట్టినా సరే. చీకటితోనే పిల్లల్ని వెంటబెట్టుకుని కాశిమేడు రేవుకు వెళ్లి చేపలు తెచ్చేవారు, పిన్నమ్మ పులుసు పెట్టేది, సగం ఇంట్లోకి, సగం సైట్ షెడ్డులో వండుకునే ఓపిక లేక పడుకున్న కుర్రాళ్లకి. తమ్ముడు చనిపోయాక అతని ఇద్దరు పిల్లల్నీ తెచ్చి పెంచారు. ఆ ఇంట్లో నలుగురు పిల్లలు, ఎవరు ఎవరి పిల్లలో మాలో చాలామందికి ఏళ్ల తరబడి తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రానంత మామూలుగా ఉండేది ఆ ఇల్లు.

మన హాలు స్లాబు వేసింది మే నెల ఎండల్లో. మేం గట్టిగా ఉందా లేదా అని పైకి చూసేవాళ్లమే తప్ప ఏమీ తెలియదు. మర్నాడు స్లాబు మీద మాలుతో చిన్న చిన్న గట్లు కట్టి మడుల్లా చేసి నీళ్లు నిలబెట్టించారు. రోజూ తెల్లవారుజామున తనే నిచ్చెన ఎక్కి, చెప్పులు కింద విడిచి, అరచెయ్యి కాంక్రీటుకి ఆనించి చూసేవారు. ఒకరోజు ట్యాంకర్ రాక ఒక మడి ఎండిపోతే నా మీద కోప్పడ్డారు. "దానికి దాహమేస్తాది బాబూ, మనకేసినట్టే." వారం దాటగానే కింద సెంట్రింగ్ విప్పేద్దాం, అద్దె పెరుగుతోంది అని మాలో ఒకరు అంటే ఒప్పుకోలేదు. చిన్న గదైతే వేరు, 15 అడుగులు దాటిన వెడల్పుకి కింద పోట్లు, అంటే స్లాబుని మోసే గుంజలు, 14 రోజులు ఉండాల్సిందే అన్నారు, ఆ అదనపు రోజుల అద్దె తన కూలీలోంచి తగ్గించుకోమన్నారు. సముద్రం గాలి తగిలే ఊళ్లో ఇనుముకి కాంక్రీటు కప్పు పలచగా ఉంటే ఉప్పు లోపలికి దిగి తుప్పు పట్టేస్తుందని, ఊచల కింద కవరు బిళ్లలు ఒక్కొక్కటీ వంగి చూసిన మనిషి ఆయన.

పునాది రోడ్డు కంటే 3 అడుగులు లేపుదాం అన్నప్పుడు మనవాళ్లు చాలామంది గొణిగారు, పెద్దవాళ్లు మెట్లెక్కాలి కదా అని. 2015 డిసెంబర్ మొదటి రెండు రోజుల్లో చెంబరంబాక్కం చెరువు నీళ్లు వదిలి అడయారు నది పొంగినప్పుడు, మణప్పాక్కం వైపు ఇళ్లల్లోకి నీళ్లు వచ్చేస్తే, మనవాళ్లూ తమిళవాళ్లూ కలిసి పడుకున్నది ఆ హాల్లోనే. నీళ్లు ఆఖరి మెట్టు దగ్గర ఆగాయి. ఆ రాత్రంతా ఆయన గుమ్మంలో కూర్చుని టార్చి వేసి ఆ మెట్టునే చూస్తూ ఉన్నారు.

ఇప్పుడు అసలు సంగతి, డైరీ సంగతి.

2014 జూన్ 28న మన పక్కనే మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలిపోయి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికి వచ్చినవాళ్లు. బాబాయి ఆ రాత్రే వెళ్లారు, వారం రోజులు ఇంటికి సరిగ్గా రాలేదు. ఊళ్ల నుంచి వచ్చిన తల్లిదండ్రులకు తమిళం రాదు, ఇక్కడివాళ్లకు తెలుగు రాదు, మార్చురీ దగ్గర ఇద్దరి మధ్యా నిలబడి మాట చెప్పింది ఆయన. ఒకావిడ కొడుకు ఫోటో పట్టుకుని మా అబ్బాయి లోపల ఉన్నాడా బయట ఉన్నాడా అని అడిగితే చెప్పగలిగినవాడు దొరకలేదట. తిరిగి వచ్చాక ఆయన ఎర్ర అట్ట డైరీ ఒకటి కొన్నారు. తన దగ్గర ఒక్కరోజు పనిచేసినవాళ్లైనా సరే, పేరు, ఊరు, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి, చివర్లో సంక్షేమ బోర్డు కార్డు ఉందా లేదా, ఇవన్నీ అందులో రాసేవారు. కార్డు వచ్చినవాళ్ల పక్కన టిక్కు.

తమిళనాడులో భవన నిర్మాణ కార్మికులకు 1994 నుంచే సంక్షేమ బోర్డు ఉంది. పిల్లల చదువుకు, పెళ్లికి, ప్రమాదంలో పోతే కుటుంబానికి సాయం, 60 నిండాక పింఛను. కట్టించేవాళ్ల దగ్గర నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సు వసూలు చేసేది ఇలాంటివాటికే. ఆ డబ్బు మనవాళ్ల చెమటది, అయినా మనవాళ్లలో చాలామందికి కార్డు లేదు. ఈ ఏడాది మన సంఘం చేసిన ముఖ్యమైన పని ఆ డైరీలో టిక్కు పడని పేర్లు వెతికి పట్టుకుని దరఖాస్తులు పెట్టించడం. అనుకున్నంత సులువు కాదు. ఇక్కడ ఇనీషియల్ అంటే తండ్రి పేరు, మనకేమో ఇంటిపేరు. ఆధార్‌లో ఒకలా, పాస్‌బుక్‌లో ఒకలా. తమిళంలో ప, బ, భ అన్నిటికీ ఒకటే అక్షరం కాబట్టి పేరు ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి వెళ్లేసరికి వేరే మనిషి పేరు అయిపోతుంది. ఒక కుర్రాడి దరఖాస్తు ఇందుకే మూడుసార్లు వెనక్కి వచ్చింది, నాలుగోసారి అయింది.

ఈ పని చేస్తూ చేస్తూ డైరీ మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాం. అందులో ఆయన పేరు లేదు. పిన్నమ్మని అడిగితే ఆవిడ కాసేపు మాట్లాడలేదు, తర్వాత చెప్పారు, ఆయనకు కార్డే లేదని. 18 నుంచి 60 ఏళ్ల లోపు నమోదు చేసుకోవాలి, అందరి ఫారాలూ నింపుతూ తనది రేపు, ఎల్లుండి అంటూ ఆ వయసు దాటించేశారు. పింఛను రాలేదు. ఇప్పుడు పిన్నమ్మకు బోర్డు నుంచి రావాల్సింది కూడా ఏమీ లేదు. ఆయన దగ్గర కూర్చుని టీలు తాగిన మాకు, కార్యదర్శిగా నాకు, మీది ఏమైంది బాబాయ్ అని ఒక్కసారి అడగాలని తోచలేదు. ఇది నివేదికలో రాయాల్సిన విషయమా అని కమిటీలో చర్చ జరిగింది. రాయాల్సిందేనని నేనన్నాను, అందుకే రాశాను.

మిగతా పనులు క్లుప్తంగా. ఉగాది ఎప్పటిలాగే బాగా జరిగింది, పచ్చడి ఈసారి సరిపోయింది. ఆదివారం తెలుగు తరగతులు ఆగలేదు. 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయ్యాక మన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు, కాబట్టి తల్లిదండ్రులు దయచేసి పిల్లల్ని పంపండి, ట్యూషన్ ఉందనకండి. డిసెంబర్ 15న పిల్లల్ని మైలాపూర్ తీసుకెళ్లి పొట్టి శ్రీరాములు గారు 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం విడిచిన ఇల్లు చూపించాం. హాలు వాన నీటి గుంత పూడిక తీయించాం, గులకరాళ్లు మార్చాం. 2019 వేసవిలో ఊళ్లో చెరువులు ఎండిపోయినప్పుడు మన బావిలో అడుగున కాసిన్ని నీళ్లు మిగిలాయంటే ఆ గుంత చలవే. జమాఖర్చులు కోశాధికారి విడి కాగితం మీద ఇస్తారు.

సర్వసభ్య సమావేశంలో రెండు విషయాలు తేల్చాలి. పిన్నమ్మకు నెలనెలా కొంత ఇవ్వాలని కమిటీ అనుకుంది, ఆవిడ వద్దన్నారు. మా మాట వినలేదు, ఆడవాళ్లు నలుగురు వెళ్లి అడిగితే బాగుంటుంది. రెండోది, సభ్యుల ఇళ్లల్లో, వాళ్ల దగ్గర పనిచేసేవాళ్లలో 50 దాటినవాళ్లకు కార్డు ఉందో లేదో ముందు చూడాలి, కుర్రాళ్లది ఆ తర్వాత.

డైరీ హాల్లో బీరువాలో ఉంది. ప్రతి ఆదివారం ఉదయం తెలుగు తరగతి అయ్యాక ఒకరు దాని దగ్గర కూర్చుంటారు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పనిచేసిన రోజుల కాగితం, రెండు ఫోటోలు తీసుకుని రండి. పాస్‌బుక్‌లో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో ఇంట్లోనే ఒకసారి చూసుకుని రండి.