డిగ్రీలో తత్వశాస్త్రానికి చోటివ్వండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఇంటర్ పూర్తయ్యాక మా అమ్మాయి డిగ్రీలో ఫిలాసఫీ చదువుతానంది. నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసింది అదే సబ్జెక్టు కాబట్టి చాలా సంతోషించాను. ఇద్దరం కలిసి మూడు కాలేజీలు తిరిగాం. ఒకచోట ఆ సబ్జెక్టే లేదు. ఇంకోచోట ఒకప్పుడు ఉండేదట, చెప్పే మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదు. మూడోచోట "దానికి ఎవరూ రారమ్మా, ఎకనామిక్స్ తీసుకో" అన్నారు. తీసుకుంది.

ఎవరూ రారన్న ఆ మాట గురించే ఈ ఉత్తరం. పోస్టు లేదు కాబట్టి పిల్లలు చేరరు, పిల్లలు చేరలేదు కాబట్టి పోస్టు ఇవ్వరు. తర్కంలో దీన్ని అన్యోన్యాశ్రయ దోషం అంటారు. పేరు కూడా వినని సబ్జెక్టు కావాలని పిల్లలు ఎలా అడుగుతారు?

ఫిలాసఫీ అంటే వేదాంతమనీ, ముసలితనంలో చేసుకునే కాలక్షేపమనీ చాలామంది అనుకుంటారు. కానీ మాకు మొదట చెప్పిన పాఠాల్లో ఒకటి 17వ శతాబ్దం నాటి మన తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కశాస్త్ర పుస్తకం, తర్కసంగ్రహం. నిప్పు లేనిదే పొగ రాదని మనమంతా అంటాం. అది సరైన మాటే. అయితే నిప్పున్న ప్రతిచోటా పొగ ఉండాలా? ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పచ్చికట్టె తోడైతేనే పొగ. ఇంత చిన్న పాఠం నాకు జీవితమంతా పనికొచ్చింది. చదవకపోతే ఫెయిలవుతారు, నిజమే. "ఫెయిలయ్యాడు కాబట్టి వాడు చదవలేదు" అనడం మాత్రం నిప్పుంది కాబట్టి పొగ ఉండి తీరాలనడం లాంటిదే. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజున ఎన్ని ఇళ్లలో ఈ తప్పు జరుగుతుందో, దాని టెన్షన్ పిల్లలు ఎలా మోస్తారో ఉపాధ్యాయుడిగా ఏటా చూస్తున్నాను. ఆ తప్పును పేరు పెట్టి పట్టుకోవడం నేర్పే చదువు మన పిల్లలకు అక్కర్లేదా?

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఫిలాసఫీ తీసుకోవడానికి కారణం, డిగ్రీ పూర్తి చేసిన బంధువొకరు తన పుస్తకాలు ఇచ్చేయడం. ఖర్చు లేకుండా చేతికొచ్చిన పుస్తకాలతో చదివిన ఆ మనిషి 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో పుట్టిన కొత్త సచ్చిదానందమూర్తి గారు తత్వశాస్త్రంలో చేసిన కృషికి పద్మవిభూషణ్ అందుకున్నారు. ఇక బౌద్ధ తత్వవేత్త నాగార్జునాచార్యుడి పేరు మోస్తున్న నాగార్జునకొండ మా జిల్లాలోనే ఉంది.

ఉద్యోగాల సంగతి దాచను. ఈ చదువుతో వెంటనే ఉద్యోగం రాదు. నాకు కూడా బి.ఇడి. చేశాకే వచ్చింది. కానీ 2013 నుంచి సివిల్స్ మెయిన్స్‌లో నీతిశాస్త్రం పేపరుకు 250 మార్కులు ఉన్నాయి, ఫిలాసఫీ ఆప్షనల్‌గానూ ఉంది. డిగ్రీలో మూడేళ్లు నిదానంగా చదవాల్సింది మన పిల్లలు కోచింగ్ సెంటర్లలో ఫీజు కట్టి కొద్ది నెలల్లో బట్టీ పడుతున్నారు.

ఇప్పుడు డిగ్రీలో మేజర్ (ప్రధాన సబ్జెక్టు), మైనర్ (దానికి తోడుగా చదివే సబ్జెక్టు) పద్ధతి వచ్చింది కాబట్టి ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. జిల్లాకు ఒక్క ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీని కనీసం మైనర్‌గా పెట్టమని ఉన్నత విద్యామండలిని కోరుతున్నాను. పాఠం చెప్పడానికి ఆ సబ్జెక్టు చదివినవారినే, రెగ్యులర్ పోస్టులో వేయాలి. తేలిక తెలుగులో కొత్త పాఠ్యపుస్తకాలు రాయించాలి. మొదటి రెండు మూడేళ్లు ఐదారుగురే చేరినా మూసేయకూడదు.

మా అమ్మాయి ఇప్పుడు డిగ్రీ రెండో ఏడాదిలో ఉంది. రాత్రి భోజనాలయ్యాక నా పాత తర్కసంగ్రహం తీసి ఇద్దరం చదువుకుంటున్నాం. ప్రత్యక్షం (ఇంద్రియాలతో నేరుగా తెలుసుకోవడం) అయిపోయి అనుమాన ఖండంలోకి (పొగను చూసి నిప్పుందని ఊహించడం లాంటిది చెప్పే భాగంలోకి) వచ్చాం. నాకు అర్థం కానిచోట అడగడానికి మా ఊళ్లో మరొకరు లేరు.

– ఒక తెలుగు ఉపాధ్యాయుడు, పల్నాడు జిల్లా