కార్గో వ్యానుకు సీడీఎల్ కావాలా?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో కార్గో వ్యానుతో సరుకు చేరవేయాలంటే కమర్షియల్ డ్రైవర్ లైసెన్సు (సీడీఎల్) తప్పనిసరని మనవాళ్లలో చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. ఆ భయాన్ని సొమ్ము చేసుకునే శిక్షణ సంస్థలూ లేకపోలేదు.

ఫెడరల్ నిబంధనల ప్రకారం, సరుకు వాహనం స్థూల బరువు (వాహనం, సరుకు కలిపి తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ బరువు) 26,001 పౌండ్లు, ఆపైన ఉంటేనే సీడీఎల్ కావాలి. మామూలు కార్గో వ్యాను అందులో సగానికి కూడా రాదు. అనుమానముంటే డ్రైవరు వైపు తలుపు తెరిచి, చట్రానికి అంటించిన చీటీ చూడండి. స్థూల బరువును సూచించే జీవీడబ్ల్యూఆర్ (GVWR) అన్న అక్షరాల పక్కనే ఆ అంకె ఉంటుంది. ప్రమాదకర పదార్థాల ప్లకార్డు తగిలించాల్సిన సరుకైతే మాత్రం, వ్యాను ఎంత చిన్నదైనా సీడీఎల్, దానిపై ప్రత్యేక అనుమతి ఉండాల్సిందే.

అసలు చిక్కు 10,001 పౌండ్ల దగ్గర మొదలవుతుంది. పెద్ద వ్యాన్లు కొన్ని ఈ గీత దాటుతాయి. వాటితో రాష్ట్రాల మధ్య వ్యాపార రవాణా చేస్తే సీడీఎల్ అక్కర్లేకపోయినా యూఎస్‌డాట్ నంబరు (అమెరికా రవాణా శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య), డ్రైవరుకు వైద్య ధ్రువపత్రం కావాలి. ఈ మాట ఆ శిక్షణ సంస్థల ఏ ప్రకటనలోనూ కనిపించదు, అందులో వాళ్లకు గిట్టుబాటు లేదు కాబోలు! సొంత కారు బీమా సాధారణంగా వ్యాపార రవాణాకు వర్తించదన్న సంగతీ అంతే.

కొన్ని రాష్ట్రాలకు సొంత నిబంధనలు కూడా ఉన్నాయి. వాటిని రాష్ట్రాలవారీగా మీ పత్రికలో ప్రచురించాలని మనవి.

– ఒక పాఠకుడు