మేము రాలేదన్న అబద్ధాన్ని మీ రికార్డు నుంచి తొలగించండి

వనస్థలిపురం, హైదరాబాద్,
24 ఫిబ్రవరి 2025.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: జనవరి 11వ తేదీ రాత్రి మీ హైదరాబాద్–అమలాపురం బస్సు ఎల్బీనగర్‌లో ఆగకపోవడం, ఆ తరువాత 44 రోజులుగా మీ సంస్థ సమాధానం చెప్పకపోవడం గురించి.

అయ్యా,

మీ సంస్థకు నేను రాస్తున్న ఐదవ ఉత్తరం ఇది. మొదటి నాలుగూ ఈమెయిల్‌లో పంపాను. నాలుగింటికీ నిమిషం తిరగకుండా ఒకే జవాబు వచ్చింది: "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది, 48 గంటల్లో సంప్రదిస్తాము." ఎవరూ సంప్రదించలేదు. అందుకే ఈసారి కాగితం మీద రాసి, అక్నాలెడ్జిమెంటు కార్డు జతచేసి రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. కనీసం దీన్ని అందుకున్నట్టు మీ కార్యాలయంలో ఒక మనిషి సంతకం పెట్టక తప్పదు.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. సంక్రాంతికి మా స్వగ్రామం వెళ్లడానికి మా అమ్మగారికీ నాకూ రెండు లోయర్ బెర్తులు, ఒక్కొక్కటి 2,950 రూపాయలకు, నవంబరు నెలాఖరులోనే తీసుకున్నాను. ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ ఎదుట రాత్రి 9.15కు ఎక్కాలని టికెట్ మీద ఉంది. మేము 8.30కే అక్కడ ఉన్నాము. పది గంటలు దాటాక మీ క్లీనర్ ఫోన్ ఎత్తి, "సిటీలో ట్రాఫిక్ బాగా ఉందండి, రింగురోడ్డు మీదుగా వచ్చేశాం, ఆటో పట్టుకుని పెద్దఅంబర్‌పేట వచ్చేయండి, ఆపుతాం" అన్నాడు. 81 ఏళ్ల మనిషిని, మోకాలి ఆపరేషన్ అయిన మనిషిని, రెండు సంచులతో పాటు ఆటోలో కూర్చోబెట్టుకుని, పండుగకు ఊరు కదిలిన ఆ రద్దీలో బయలుదేరాను. హయత్‌నగర్ దాటకముందే క్లీనర్ ఫోన్ స్విచ్ఛాఫ్ అయింది. మీరే పంపిన ట్రాకింగ్ లింకులో మీ బస్సు అప్పటికే చౌటుప్పల్ వైపు వెళ్లిపోతూ కనిపించింది.

ఆర్టీసీ వారి విజయవాడ స్పెషల్ బస్సు కండక్టర్ ఒకరు అమ్మను చూసి, నిలబడడానికే చోటు లేని ఆ బస్సులో బానెట్ పక్కన ఆమెను కూర్చోబెట్టారు. నేను పంతంగి టోల్‌గేటు దాకా ఒంటికాలి మీద నిలబడ్డాను. విజయవాడలో ఒక బస్సు, రావులపాలెంలో ఇంకొకటి మారి, మరునాడు మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరాము. అమ్మ మోకాలు వాచిపోయి, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లలేకపోయింది. ఊళ్లో ఉండి కూడా ఆమె తీర్థానికి వెళ్లకపోవడం నాకు తెలిసి అదే మొదటిసారి.

అయినా ఇంతవరకూ జరిగినదానికి నేను మిమ్మల్ని క్షమించగలను. పండుగ మూడు రోజుల ముందు 65వ నంబరు జాతీయ రహదారి ఎలా ఉంటుందో ఏటా చూస్తున్నవాడిని. నగరమంతా ఒకే దారిన విజయవాడ వైపు కదిలితే ఏ డ్రైవరైనా ఏం చేయగలడు? ఆ రాత్రి ఎల్బీనగర్ రాలేకపోయామని మీలో ఒక్కరు చెప్పి ఉంటే ఈ ఉత్తరం పుట్టేది కాదు. జనవరి 16న నేను మీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేసినప్పుడు నాకు వినబడిన మాట వేరు. "సార్, మీరు బోర్డింగ్ పాయింట్‌కి రాలేదని సిస్టమ్‌లో చూపిస్తోందండి. నో షో కింద పడింది. రీఫండ్ రాదండి."

మేము రాలేదట. గంటన్నర పైగా చలిలో సంచి మీద కూర్చున్న మా అమ్మ అక్కడికి రానేలేదట!

అక్కడి నుంచి మీ సంస్థ నన్ను తిప్పిన తిప్పుడు మీకు తెలియదనే అనుకుంటున్నాను, కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఆ మొదటి ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి ట్రాకింగ్ లింకు స్క్రీన్‌షాట్ పంపమన్నది, పంపాను. రెండు రోజుల తరువాత మాట్లాడిన అబ్బాయికి ఆ స్క్రీన్‌షాట్ కనబడలేదు, మళ్లీ పంపమన్నాడు. మూడవసారి ఎత్తినవారు, టికెట్ యాప్‌లో కొన్నారు కాబట్టి యాప్ వారినే అడగాలన్నారు. యాప్ వారు, బస్సు నడిపేది మేము కాదు, ఆపరేటరు ఒప్పుకుంటేనే డబ్బు తిరిగి ఇస్తామన్నారు. ఆ మాట చెప్పడానికి మళ్లీ మీకు ఫోన్ చేస్తే 22 నిమిషాలు సంగీతం వినిపించి లైన్ కట్ చేశారు. జనవరి 27న "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని సందేశం వచ్చింది. ఏం పరిష్కరించారని అడగడానికి ఫోన్ చేస్తే, మూసేసిన ఫిర్యాదును తెరవడం కుదరదు, కొత్తది పెట్టుకోమన్నారు. కొత్తది పెట్టాను. అది నాలుగు రోజుల్లో మూసేశారు.

ఫిబ్రవరి 6న స్వయంగా మీ కూకట్‌పల్లి కార్యాలయానికి వచ్చాను. కౌంటర్‌లో కూర్చున్న కుర్రవాడు తల ఎత్తకుండానే మేనేజరు గారు లేరన్నాడు. రెండు గంటలు కూర్చున్నాను. లోపలి గదిలోంచి వచ్చిన ఒక పెద్దమనిషి, తాను మేనేజరునని కానీ కాదని కానీ చెప్పకుండా, నాకు చట్టం వివరించారు. మీది కాంట్రాక్ట్ క్యారేజీ పర్మిట్ అని, దారిలో ఆగి జనాన్ని ఎక్కించుకోవలసిన బాధ్యత మీకు లేదని ఆయన వాదన. 31 సంవత్సరాలు పాఠాలు చెప్పినవాడిని, ఇంటికి వెళ్లి మోటారు వాహనాల చట్టంలో ఆ నిర్వచనం చదివాను. కాంట్రాక్ట్ క్యారేజీ అంటే వాహనం మొత్తాన్ని ఒక ఒప్పందం మీద మాట్లాడుకున్నవారిని తీసుకువెళ్లేది. మీరు సీటుకు ఒక టికెట్ చొప్పున అమ్మారు, ఎక్కే చోటు పేరు వేసి అమ్మారు, ఎల్బీనగర్ అని మీరే అచ్చువేశారు. డబ్బు తీసుకునేటప్పుడు ఊరూరా ఆగే బస్సు, జవాబు చెప్పవలసి వచ్చినప్పుడు ఎక్కడా ఆగనక్కరలేని బస్సు ఎలా అవుతుంది?

మా అమలాపురానికి ఈరోజుకీ రైలు లేదు. కోటిపల్లి–నర్సాపురం లైను మంజూరై రెండు దశాబ్దాలు దాటినా గోదావరి పాయల మీద వంతెనలు పూర్తయి రైలు నడవలేదు. రాజమండ్రిలో దిగుదామన్నా, రిజర్వేషన్ తెరిచిన నిమిషాల్లోనే సంక్రాంతి రైళ్లన్నీ వెయిటింగ్ లిస్టుకు వెళ్లిపోతాయి. ఆర్టీసీ ఎన్ని స్పెషళ్లు వేసినా చాలవు. అందువల్లనే మామూలు రోజుల్లో 1,200 ఉండే టికెట్‌కు పండుగలో మీరు ఎంత చెబితే అంత ఇస్తున్నాము. మాకు మరో దారి లేదని మీకు తెలుసు. ఆ సంగతి తెలిసినవారికి మా పట్ల బాధ్యత పెరగాలని నేను నమ్ముతాను.

పైగా నేను మీకు కొత్తవాడిని కాను. 2016 నుంచి ఏటా కనీసం మూడుసార్లు మీ బస్సుల్లోనే ఊరికి వెళ్లి వస్తున్నాము. మా అమ్మాయి పెళ్లికి బంధువులను తీసుకురావడానికి మీ బస్సులే రెండు మాట్లాడుకున్నాము. కరోనా తరువాత మీరు సర్వీసులు మళ్లీ మొదలుపెట్టిన వారంలోనే, ఇంట్లోవారు వద్దంటున్నా, మీ మీద నమ్మకంతో ఎక్కాను. ఇన్నేళ్ల ప్రయాణాల చిట్టా మీ సిస్టమ్‌లోనే ఉండాలి. నలభై నాలుగు రోజుల్లో ఒక్క ఉద్యోగి అయినా అది తెరిచి చూడలేదు.

టికెట్ల డబ్బు 5,900, ఆ రాత్రి ఆటోకు ఇచ్చిన 800 మీరు తిరిగి ఇవ్వాలి. అది నా హక్కు కాబట్టి అడుగుతున్నాను, కానీ ఈ ఉత్తరం దాని కోసం కాదు. ఎల్బీనగర్ వెళ్లనక్కరలేదని ఆ రాత్రి నిర్ణయించింది ఎవరు, మా ఇద్దరి పేర్ల ఎదుట "నో షో" అని రాసింది ఎవరు, ఈ రెండింటికీ మీ సంతకంతో జవాబు కావాలి. నాతో పాటు ఆ పాయింట్‌లో మీ బస్సు కోసమే ఎదురుచూసిన మరో కుటుంబం ఉంది, చంకలో పసిబిడ్డ ఉన్న తల్లి ఉంది. వారికీ ఇదే మాట చెప్పి ఉంటారు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను. 2019 చట్టం ప్రకారం నేను ఉన్న చోటే కేసు వేయవచ్చు. ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా లేదు, గడువు రెండేళ్లు ఉంది. టికెట్, ట్రాకింగ్ స్క్రీన్‌షాట్లు, క్లీనర్‌కు చేసిన 11 ఫోన్ కాల్స్ జాబితా అన్నీ భద్రంగా ఉన్నాయి. రవాణా శాఖ అధికారులకు కూడా మీ పెద్దమనిషి చెప్పిన కాంట్రాక్ట్ క్యారేజీ వాదనను ఉన్నదున్నట్టు రాసి పంపుతాను. రిటైరైనవాడిని, నాకు సమయం ఉంది.

ప్రతి ఆదివారం ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడు అమ్మ, "వాళ్లు ఏమన్నారురా?" అని అడుగుతోంది. ఇంకా ఏమీ అనలేదని చెప్పడం నాకు కష్టంగా ఉంది. మీరు రాసే జవాబు ఆమె పేరున రాయండి. ఆమె తెలుగు బాగా చదువుతుంది, కాబట్టి తెలుగులోనే రాయండి.

ఇట్లు,
మీ బస్సు కోసం ఎల్బీనగర్‌లో ఎదురుచూసిన ప్రయాణికుడు

జతపరచినవి: టికెట్ నకలు, ట్రాకింగ్ స్క్రీన్‌షాట్లు, ఫోన్ కాల్స్ జాబితా, నాలుగు ఈమెయిళ్ల ప్రతులు.