రెండోసారి అడిగిన ప్రశ్న

కడప,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన రఫీకి,

నీ ఉత్తరం అంది పది రోజులు దాటింది. పరీక్షల హడావుడిలో జవాబు ఆలస్యమైంది, మన్నించు. పెళ్లీడు దాటిపోతున్న వయసులో ఎం.ఏ. మనోవిజ్ఞాన శాస్త్రంలో చేరి ఏం నేర్చుకుంటున్నావని అడిగావు కదా. ఈ నెల రోజులుగా నన్ను వదలకుండా పట్టుకున్న ఒక్క సంగతి రాస్తాను. అది నాకంటే ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే నీకే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

డీఎస్సీకి ఇద్దరం కలిసి చదివిన రోజుల్లో, స్విట్జర్లాండ్ మనోవిజ్ఞాని పియాజే చెప్పిన ‘పదిలపరచుకొనే భావన’ను, అంటే అమరిక మారినా సంఖ్య మారదన్న అవగాహనను, ఎన్నిసార్లు వల్లె వేశామో నీకు గుర్తుండే ఉంటుంది. రెండు వరుసల్లో వస్తువులను సమానంగా పేర్చి, సమానమేనని పిల్లవాడి చేత చెప్పించి, ఆ తర్వాత ఒక వరుసను ఎడం ఎడంగా జరిపి అదే ప్రశ్న మళ్లీ అడిగితే, నాలుగైదేళ్ల పిల్లలు చాలామంది పొడవాటి వరుసలోనే ఎక్కువ ఉన్నాయంటారు. మనకు అంతే తెలుసు, మార్కులకూ అంతే సరిపోయింది.

మొన్న దసరా సెలవులకు అక్క వచ్చినప్పుడు, ఐదేళ్ల మేనకోడలిని వరండాలో కూర్చోబెట్టి చెనక్కాయ గింజలు ఆరు చొప్పున రెండు వరుసలు పేర్చాను. రెండూ సమానమేనని టక్కున చెప్పింది. ఒక వరుసను నేను వేలితో దూరం దూరంగా జరిపి, "ఇప్పుడో?" అన్నాను. పాప ముందు నా మొహంలోకి చూసింది, ఆ తర్వాతే గింజలను చూసి, "ఇదే ఎక్కువ" అంది. పుస్తకంలో ఉన్నట్టే జరిగిందని సంతోషపడ్డాను గానీ, ఆ చూపు మాత్రం మనసులో నిలిచిపోయింది.

మరుసటి రోజు మళ్లీ పేర్చి కూర్చున్నామో లేదో, రెండేళ్ల తమ్ముడు దోగాడుకుంటూ వచ్చి ఒక వరుసను చెదరగొట్టాడు. అదే ప్రశ్న అడిగాను. "అన్నీ అట్లే ఉండాయి మామా, వాడు జరిపినాడంతే" అంది, ఇంత చిన్న విషయం నాకు తెలియదా అన్నట్టు! ఒక పాప, అదీ రెండో రోజు చెప్పిన మాట, దేనికీ రుజువు కాదని నాకు తెలుసు. అయినా, ఇలాంటిదే 1970లలో మెక్‌గారిగిల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ అనే పరిశోధకులు పద్ధతి ప్రకారం చేసి చూశారని చదివినప్పుడు నా ఒళ్లు పులకరించింది. వాళ్ల ప్రయోగంలో వరుసను చెదరగొట్టేది ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ. పెద్దవాళ్లు కావాలని జరిపినప్పటికంటే బొమ్మ చెదరగొట్టినప్పుడు చాలా ఎక్కువమంది పిల్లలు సరిగ్గా చెప్పారు. సుసాన్ రోజ్, మేరియన్ బ్లాంక్ అనే మరో ఇద్దరు పరిశోధకులు 1974లో చేసిన పని ఇంకా సూటిగా ఉంటుంది: మొదటి ప్రశ్న మానేసి, జరిపిన తర్వాత ఒక్కసారి మాత్రమే అడిగితే ఆరేళ్ల పిల్లల తప్పులు తగ్గాయి.

ఎందుకంటావు? డొనాల్డ్‌సన్ చెప్పేది ఇదే: పెద్దమనిషి తన చేత్తో ఏదో మార్చి, అడిగిన ప్రశ్ననే మళ్లీ అడుగుతున్నాడంటే, ముందు చెప్పిన జవాబు ఆయనకు నచ్చలేదనే కదా పిల్లలు అనుకుంటారు! బొమ్మ చేసే సందడిలో పిల్లలు అసలు మార్పునే గమనించి ఉండరని తర్వాత కొందరు వాదించారు, అది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. కానీ మేనకోడలి చూపు చూసినవాడిగా నేను డొనాల్డ్‌సన్ వైపే మొగ్గుతాను. పిల్లల ఎదుగుదల గురించిన వికాస మనోవిజ్ఞానం ఒక పేపరు, మనుషులు ఒకరిపై ఒకరు చూపే ప్రభావం గురించిన సాంఘిక మనోవిజ్ఞానం ఇంకో పేపరు అని విడదీసి చదువుతున్నాం గానీ, ఆ వరండాలో రెండూ ఒకటే అయిపోయాయి.

పెద్దవాళ్లమైన మనమూ దీనికి అతీతులం కాము. సోలమన్ ఆష్ అనే మనోవిజ్ఞాని 1950లలో గీతల పొడవు పోల్చమని కాలేజీ కుర్రాళ్లను అడిగాడు. గదిలో మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకొని కళ్లెదుటే తప్పు జవాబు చెబుతుంటే, నిజంగా పరీక్షకు వచ్చినవాళ్ల జవాబుల్లో దాదాపు మూడో వంతు ఆ తప్పు వైపే పోయాయి. మూడింట రెండు వంతులు నిలబడ్డాయన్న మాటను మాత్రం అందరూ మరచిపోతారు. నాకు మరీ నచ్చింది ఇంకొకటి: గదిలో ఒక్కడు నిజం చెప్పినా చాలు, ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది.

ఇప్పుడు నీ తరగతి సంగతి. "సరిగ్గా చూసి చెప్పు, ఇంకోసారి ఆలోచించు" అని మనం ఎన్ని వేలసార్లు అని ఉంటాం! సరైన జవాబు చెప్పిన పిల్ల కూడా ఆ మాట వినగానే జవాబు మార్చేసేది, మనమేమో దానికి లెక్కలు రావని రిజిస్టరులో రాసుకునేవాళ్లం. అలా నేను రాసిన పేర్లు కొన్ని ఇప్పటికీ గుర్తున్నాయి, అది నన్ను బాధపెడుతోంది.

అందుకే ఒక సాయం చెయ్యి. ఈ వారం నీ పిల్లల్లో సగంమందిని నువ్వు గింజలు జరిపి రెండుసార్లు అడుగు, మిగతా సగంమందిని జరిపిన తర్వాత ఒక్కసారే అడుగు. ఎవరు ఏమన్నారో, జవాబుకు ముందు ఎటు చూశారో వాళ్ల మాటల్లోనే రాసి పంపు. గింజలు ముందుగా లెక్కపెట్టుకో, మధ్యలో తినేస్తారు.

అమ్మకు నా సలాములు చెప్పు.

నీ
సుధాకర్