మా పార్కు మిత్రులకు, మాస్టారికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా కాలనీ పార్కులో పొద్దున్నే నడిచే మిత్రులకు, ముఖ్యంగా లెక్కల మాస్టారికి, నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

మా ఆవిడ పోయాక తాడేపల్లిగూడెంలో ఇల్లు అద్దెకిచ్చి సికింద్రాబాద్‌లో అబ్బాయి దగ్గరకు వచ్చేశాను. కొడుకు, కోడలు, మనవలు. ఇంటి నిండా మనుషులే. కోడలు వేళకు అన్నీ కనిపెట్టుకుని చూస్తుంది. అయినా ఒంటరిగానే ఉండేది. భోజనాల దగ్గర అందరూ కబుర్లు చెప్పుకుంటుంటే నేను తల వంచుకుని తినేసి లేచేవాణ్ని. అమ్మాయి విదేశం నుంచి ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానమ్మా, ఉంటా మరి" అని పెట్టేసేవాణ్ని. ఆవిడ మీద బెంగ అనుకున్నారు ఇంట్లో. నేనూ అదే అనుకున్నాను. బెంగ ఉన్న మాట నిజమే, కానీ అదొక్కటే కాదు.

పార్కులోనూ అంతే. టీ కొట్టు దగ్గర అందరూ నవ్వితే వాళ్ల తర్వాత నేనూ నవ్వేవాణ్ని. తర్వాత ఆ బెంచీ మానేసి దూరంగా కూర్చోవడం అలవాటైంది.

ఒకరోజు మాస్టారు వచ్చి కుడిపక్కన కూర్చుని "మీ ఊళ్లో వర్షాలు పడ్డాయా?" అని అడిగారట. నేను "టిఫిన్ అయిందండి" అన్నాను. మర్నాడు ఎడమపక్కన కూర్చుని, మొహం నా వైపు తిప్పి, అదే ప్రశ్న అడిగారు. ఈసారి సరిగ్గా చెప్పాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. సాయంత్రం మా అబ్బాయిని కలిసి "నాన్నగారికి చెవి పరీక్ష చేయించండి, కావాలంటే నేను తీసుకెళ్తాను" అన్నారు. అన్నట్టే తన స్కూటరు మీద మనోవికాస్‌నగర్‌లోని అలీ యావర్ జంగ్ వినికిడి లోపాల సంస్థకు తీసుకెళ్లి, పరీక్ష అయ్యేదాకా బయట కూర్చున్నారు.

బతుకంతా రైసుమిల్లు మోతలో పనిచేసినవాణ్ని. రెండు చెవులకూ లోపం ఉంది, కుడివైపు ఎక్కువ. పరీక్ష చేసినావిడ ఎంతో ఓపిగ్గా చెప్పారు: ఇలాంటి లోపంలో గొంతు వినిపిస్తుంది కానీ స, త, క లాంటి అక్షరాలు జారిపోతాయి, అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. నలుగురు ఒకేసారి మాట్లాడితే మరీ కష్టం. అరవై దాటినవాళ్లలో నూటికి పాతికమందికి పైగా ఇబ్బంది పెట్టే స్థాయిలో వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అదే సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. వాళ్లలో నాలాంటివాళ్లు ఎంతమందో!

చెవికి వినికిడి మిషన్ పెట్టిన కొత్తలో గిన్నెల చప్పుడు, ఫ్యాను హోరు భరించలేక తీసి పక్కన పెట్టేసేవాణ్ని. "రోజూ కాసేపు పెట్టుకోండి, అలవాటవుతుంది" అని వెంటపడింది కోడలే. పార్కు మిత్రులైతే వాళ్లంతట వాళ్లే ఒక పద్ధతి పెట్టుకున్నారు. నేనుంటే ఒకరి తర్వాత ఒకరు, నా వైపు చూసి మాట్లాడతారు. గట్టిగా అరవరు. ఈ మర్యాదకు నేను వాళ్లకు ఎంతో రుణపడి ఉన్నాను. ఇప్పుడు అమ్మాయితో ఫోన్లో అల్లుడి వంటల దాకా అన్నీ మాట్లాడుతున్నాను.

మాస్టారూ, మీరు ఊరికే పలకరించి వెళ్లిపోయి ఉంటే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనేవారు కాదు. మళ్లీ వచ్చి రెండోపక్క కూర్చున్నారు చూడండి, దానికి మీకు చేతులెత్తి నమస్కారం.

మా చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఒక మాట: మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా మాటలు తగ్గించేసి ఉంటే, ఒకసారి చెవి పరీక్ష చేయించండి. తీసుకెళ్లడానికి ఇంట్లో ఎవరికీ తీరిక లేకపోతే నాకు చెప్పండి. తోడు నేను వస్తాను.