మోటారు కాలలేదు, గాలి అందలేదు

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మా వీధిలోకి పాత సామాన్ల బండి వచ్చింది. చిత్తు కాగితాలు, తుప్పు పట్టిన బకెట్ల మధ్య ఇంకా రంగు తగ్గని వాక్యూమ్ క్లీనర్ ఒకటి కనిపించింది. ఎదురింటి వారిది. రెండేళ్ల కిందట సంక్రాంతికి కొన్నారు. "పీల్చడం లేదు టీచరు గారూ. మోటారు పోయిందట. బాగు చేయించే ఖర్చుకు ఇంకొంచెం కలిపితే కొత్తదే వస్తుందన్నారు" అని ఆ ఇంటి కోడలు చెప్పింది. బండి అతనికి డబ్బు తిరిగి ఇప్పించి, యంత్రాన్ని మా వరండాలోకి తెప్పించాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇరవై ఎనిమిదేళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. పైగా సరిగ్గా ఇదే మాట నాలుగేళ్ల కిందట నాకూ చెప్పారు. అందుకే దాన్ని తూకానికి పోనివ్వడానికి మనసు ఒప్పలేదు.

మాది సంతనూతలపాడు. ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లే రోడ్డుకు మా ఇల్లు దగ్గర. గెలాక్సీ గ్రానైట్ దిమ్మెల లారీలు రాత్రీ పగలూ తిరుగుతాయి. రాయి కోసి పాలిష్ పట్టినప్పుడు వచ్చే బురద ఎండి, పొడిగా లేచి ఇళ్లలోకి వస్తుంది. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయవచ్చు. మా అత్తయ్యకు ఉబ్బసం. చీపురుతో ఊడిస్తే నేల మీది దుమ్ము లేచి ఆవిడ గొంతులోకి వెళ్తుంది. వాక్యూమ్ క్లీనర్ కొన్నది అందుకే. ఇళ్లలో చేత్తో నడుపుకునే విద్యుత్ యంత్రానికి 1908లో పేటెంటు పొందిన అమెరికావాసి జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ కూడా ఊడ్చే కొలువులో ఉంటూ ఉబ్బసంతో బాధపడినవాడే. ఆ సంగతి చదివి వినిపిస్తే, "అయితే నా బాధ తెలిసినవాడే చేశాడన్నమాట" అన్నారు అత్తయ్య.

మా యంత్రం కొన్న ఏడాదికే పీల్చడం తగ్గింది. తర్వాత పది నిమిషాలు నడిచి ఆగిపోవడం మొదలైంది. గంట సేపు వదిలేస్తే మళ్లీ నడిచేది. ఒంగోలులో ఒక సర్వీసు సెంటరుకు తీసుకువెళ్లాను. మూత కూడా తీయకుండా స్విచ్చి వేసి, చెవితో విని, "చూడండి ఎలా అరుస్తోందో, మోటారు కాలిపోయింది, 3,600 రూపాయలు అవుతుంది" అన్నారు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని తిరిగి వస్తుంటే ఒకటే ఆలోచన. నిజంగా కాలిపోయిన మోటారు గంట తర్వాత మళ్లీ ఎలా తిరుగుతుంది?

తిరగదు. వేడి మితిమీరితే కరెంటు ఆపేసి, చల్లారాక మళ్లీ వదిలే థర్మల్ కటౌట్ అనే చిన్న భాగం చాలా యంత్రాల్లో ఉంటుంది. ఆగిపోయిందంటే అది తన పని తాను చేసిందన్నమాట. మా ఇంట్లో లాంటి యంత్రాల్లో దుమ్మును లాగే గాలే, వడకట్టుకుని వెళ్లి మోటారును చల్లబరుస్తుంది. దారి మూసుకుపోతే మోటారుకు గాలి అందదు. ఆ అరుపు విషయమూ అంతే. గాలి ఆగినప్పుడు ఫ్యానుకు నెట్టడానికి ఏమీ ఉండదు, భారం తగ్గి మోటారు ఇంకా వేగంగా తిరుగుతుంది, మోత సన్నగా, పైస్థాయిలో వినిపిస్తుంది. గొట్టం మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి ఎవరైనా విని చూడవచ్చు. ఆ మోతను విని మోటారు చచ్చిందనడం నాకు ఈ రోజుకీ మింగుడుపడదు.

ఇంటికి వచ్చి, ప్లగ్గు తీసేసి, ముందు గొట్టం పట్టుకున్నాను. మనవడి గోలీ ఒకటి అందులో వేసి, నిటారుగా ఎత్తాను. అవతలి కొస నుంచి రాలేదు. గుడ్డ చుట్టిన కర్రతో మెల్లగా నెడితే, కొబ్బరి పీచు, వెంట్రుకలు కలిసి ఉండకట్టిన ముద్ద ఒకటి, దాని వెనకే గోలీ బయట పడ్డాయి. ఇనుప తీగ మాత్రం దూర్చకూడదు, గొట్టం చిల్లు పడుతుంది. తర్వాత మోటారు ముందుండే స్పాంజి ఫిల్టరు తీశాను. కొన్నప్పుడు నల్లగా ఉన్నది తెల్లటి అట్ట ముక్కలా గట్టిపడి ఉంది. పళ్లెం మీద తడితే చారెడు రాతి పొడి రాలింది. లోపల దుమ్ము చేరే సంచి చూస్తే సగం కూడా నిండలేదు. ఇక్కడే అందరమూ మోసపోతాం. మన ప్రాంతపు దుమ్ము బియ్యప్పిండి కన్నా మెత్తన. సంచిని నింపక ముందే గుడ్డ సందులన్నీ పూడ్చేస్తుంది. బూడిద, సిమెంటు కూడా అంతే. స్పాంజిని నీళ్లలో పిండి పిండి కడిగి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, పూర్తిగా ఆరాకే బిగించాను. తడితో పెడితే బూజు పట్టడమే కాక మోటారుకు చెమ్మ తగులుతుంది. గాలి బయటికి వెళ్లే చోట అతి సన్నని దుమ్మును పట్టే మడతల హెపా ఫిల్టరును మాత్రం కడగలేదు. కడగవచ్చని దాని మీద రాసి ఉంటే తప్ప దానికి నీళ్లు తగలకూడదు. ఖర్చు ఒక్క రూపాయి లేదు. ఇప్పటికీ ఆ యంత్రమే నడుస్తోంది.

ఎదురింటి యంత్రం సంగతి వేరు. ఒకసారి వాడి పారేయవలసిన కాగితపు సంచిని దులిపి దులిపి వాడారు. అతుకు దగ్గర చిరిగి, దుమ్మంతా ఫిల్టరుకు పట్టింది. ప్లగ్గు కాళ్లు నల్లబడి ఉన్నాయి. 1,400 వాట్ల యంత్రం ఆరు ఆంపియర్ల కరెంటు లాగుతుంది. దాన్ని సెల్‌ఫోన్ల ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించారు. మిక్సీలు బాగు చేసే అతనికి చూపిస్తే, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు కూడా ఇంకా బాగానే ఉన్నాయన్నాడు. పది కిలోల లోపు ప్లాస్టిక్కు, రాగి కింద తూకం వేయబోయిన యంత్రం అది.

ఆ కోడలిది తప్పని నేను అనను. డిగ్రీ చదివిన అమ్మాయి. యంత్రంతో వచ్చిన పుస్తకం మొత్తం ఇంగ్లీషు, హిందీ. అక్షరాలు చీమ తలకాయలంత. ఎప్పుడు సంచి మార్చాలో, ఏది కడగాలో ఆంధ్రప్రదేశ్‌లో అమ్మే వస్తువు మీద తెలుగులో ఒక్క పేజీ వేయడం కంపెనీలకు అంత భారమా? మూత విప్పకుండా మోటారు పోయిందనే చోట, లోపం ఏమిటో కాగితం మీద రాసి ఇమ్మని, తీసేసిన భాగాన్ని చూపమని మనమూ అడగాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న 'మరమ్మతు హక్కు' పోర్టల్ ప్రారంభించింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫిర్యాదు చెప్పుకోవచ్చు. మా వీధిలో ఈ నంబరు ఒక్కరికీ తెలియదు. వారానికి ఒకసారి మీ పత్రికలో పావు పేజీ ఇళ్లలోని యంత్రాల సంరక్షణకు కేటాయించండి. మిక్సీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అన్నిటికీ ఆ అవసరం ఉంది. మొదటి వారానికి పనికి వస్తుందని, మా యంత్రానికి నేను తెలుగులో రాసుకున్న కాగితం ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను.

ఎదురింటి యంత్రానికి సంచి ఇంకా దొరకలేదు. ఒంగోలులో మూడు దుకాణాలు తిరిగాం, నెల్లూరులో ఉన్న మా చెల్లెలితో అక్కడా అడిగించాను. ఆ మోడలు ఆగిపోయిందంటున్నారు. గుడ్డతో కుట్టిద్దామని ఆ అమ్మాయి అంటోంది. మందపు గుడ్డైతే గాలి ఆడదు, పలుచనిదైతే రాతి పొడి మోటారులోకి పోతుంది, నాలుగు రోజులు ఆగమన్నాను. కంపెనీకి ఉత్తరం రాశాం.

– విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
సంతనూతలపాడు, ప్రకాశం జిల్లా