వచ్చి వెళ్ళినవాళ్ళ పేర్లు కూడా ఊళ్ళో ఉండాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

నితీష్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో 114 కొట్టినప్పుడు మన వైజాగ్ అంతా పండగ చేసుకుంది, చేసుకోవాలి కూడా, మనవాడు కదా. కేఎస్ భరత్ టెస్టు క్యాప్ పెట్టుకున్నప్పుడూ అంతే. నేను రాస్తున్నది వాళ్ళ గురించి కాదు. మన ఊళ్ళో పుట్టకపోయినా, ఇంకా పేరు రాకముందు ఇక్కడికొచ్చి నాలుగు రోజులు ఆడి, కిట్ బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయే ఆటగాళ్ళ గురించి. వాళ్ళని మనం అసలు పట్టించుకోం. పట్టించుకునే ఊళ్ళు ఎలా ఉంటాయో చెబుదామని ఈ ఉత్తరం. అవి అమెరికాలో బేస్‌బాల్ ఆడే చిన్న ఊళ్ళు, ఆట మనది కాదు, అయినా విషయం మనకి పనికొస్తుంది.

మా అమ్మాయి వాళ్ళు టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటారు. అక్కడ మన తెలుగువాళ్ళు ఎంతమందో మీ పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఊరికి రఫ్‌రైడర్స్ అని ఒక బేస్‌బాల్ జట్టుంది. అది పెద్ద లీగ్ జట్టు కాదు, టెక్సాస్ రేంజర్స్ అనే పెద్ద జట్టుకి కింద ఉండే మైనర్ లీగ్ జట్టు. ఈ పద్ధతి ఏంటంటే, కుర్రాడితో ఒప్పందం చేసుకునేది పెద్ద జట్టు, జీతం ఇచ్చేదీ అదే. కింద సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మెట్లు, ఒక్కో మెట్టుకి ఒక్కో ఊరు. 1920ల్లో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌లో బ్రాంచ్ రికీ అనే ఆయన దీన్ని ఒక పద్ధతిలో పెట్టాడు. ఇక్కడ నన్ను పట్టేసిన విషయం ఒకటుంది. ఊరి జట్టులో బాగా ఆడేవాడు ఎవడూ ఊరికి మిగలడు. బాగా ఆడుతున్నాడంటేనే పైనుంచి ఫోన్ వస్తుంది, మర్నాటికి ఉండడు. ఆ సంగతి టిక్కెట్టు కొన్న ప్రతివాళ్ళకీ తెలుసు. తెలిసి కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు, ఇవాళ ఇక్కడ ఆడుతున్నవాడు రేపు ఎక్కడ ఉంటాడో అని చూస్తారు.

ఫ్రిస్కో స్టేడియంలో బుల్‌పెన్, అంటే పిచర్లు (మన బౌలర్లలా బంతి విసిరేవాళ్ళు) చేతులు వేడెక్కించుకునే చోటు, జనం కూర్చునే స్టాండుల మధ్యలోనే ఉంటుంది. కంచె పక్కన నిలబడితే ఆ కుర్రాడు బంతి విసురుతున్నప్పుడు ఊపిరి బిగబట్టడం కూడా వినిపిస్తుంది. బంతి వెళ్ళి క్యాచర్ గ్లవ్‌లో పడ్డ చప్పుడికి పక్కనున్న చంటిపిల్లలు ఉలిక్కిపడతారు. టీవీలో ఎన్ని మ్యాచ్‌లు చూసినా ఆ వేగం ఏంటో తెలియదు.

2024లో ఆ మైదానంలో ఆడి వెళ్ళినవాళ్ళలో కుమార్ రాకర్ ఒకడు. పేరు చూశారు కదా, తండ్రి నల్లజాతి అమెరికన్, తల్లి లలిత గారి మూలాలు మన దేశానివి. ఈ అబ్బాయి 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున డ్యూక్ మీద ఒక్క హిట్టు కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే ఫీల్డర్ల సాయం లేకుండా తన బంతులతోనే అవుట్ చేశాడు. 2021 డ్రాఫ్టులో, అంటే పెద్ద జట్లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునేచోట, న్యూయార్క్ మెట్స్ మొదటి రౌండులోనే ఎంచుకుని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోలేదు. ఇంట్లో కూర్చోలేదు కుర్రాడు. ఏ పెద్ద జట్టుతోనూ సంబంధం లేని ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే చిన్న జట్టుకి వెళ్ళి, న్యూయార్క్ రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊళ్ళో ఆడాడు. దాంతో 2022 డ్రాఫ్టులో రేంజర్స్ మూడో నంబరుగా తీసుకున్నారు. 2023లో హికరీ అనే నార్త్ కరొలైనా చిన్న ఊరి జట్టుకి ఆడుతుండగా మోచేతికి ఆపరేషన్ అయింది. కోలుకుని ఫ్రిస్కో, అక్కణ్ణుంచి రౌండ్ రాక్, చివరికి 2024 సెప్టెంబరు 12న సియాటిల్‌లో పెద్ద లీగ్ మొదటి మ్యాచ్. ఈ దారిలో ఉన్న ట్రాయ్, హికరీ, ఫ్రిస్కో మూడూ ఇప్పుడు మావాడే అంటాయి, అనడానికి వాటికి హక్కుంది. అతని చెయ్యి బాగాలేనప్పుడు చూసింది వాళ్ళే.

అంతకన్నా నా మనసులో నిలిచిపోయిన ఊరు ఓక్లేర్. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉంది, 1952లో అక్కడ జనాభా 40 వేలు కూడా లేదు, నల్లవాళ్ళు దాదాపు లేనే లేరు. ఆ ఏడాది జూన్‌లో అలబామాలోని మొబీల్ నుంచి 18 ఏళ్ళ కుర్రాడు ఒకడు అక్కడ దిగాడు, పేరు హెన్రీ ఆరన్. అప్పటిదాకా ఇండియనాపొలిస్ క్లౌన్స్ అనే నల్లవాళ్ళ జట్టులో ఆడాడు. మొదట్లో బ్యాట్ పట్టుకోవడం కూడా చేతులు తారుమారుగా, కుడిచేత్తో ఆడేవాడికి కింద ఉండాల్సిన చెయ్యి పైన ఉండేది, అలాగే బంతిని బాదేవాడు. బ్రేవ్స్ అనే పెద్ద లీగ్ జట్టు అతన్ని 10 వేల డాలర్లకు కొని ఓక్లేర్ బేర్స్‌కి పంపింది. వెస్ కోవింగ్టన్, జూలీ బవర్స్ అని ఇంకో ఇద్దరు నల్ల ఆటగాళ్ళు జట్టులో ఉండేవాళ్ళు, ముగ్గురూ వైఎంసీఏలో ఉన్నారు. ఆరన్ ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. షార్ట్‌స్టాప్‌లో, అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య ఫీల్డింగ్ చేసే చోట, ఆడుతూ అతను విసిరిన బంతి ఒకసారి అవతలి జట్టు ఆటగాడి తలకి తగిలింది. అది మనసులో పెట్టుకుని, ఇంటి మీద బెంగ పెట్టుకుని, వచ్చేస్తానని ఇంటికి ఫోన్ చేస్తే, ఫోన్‌లో అన్నయ్య హెర్బర్ట్ జూనియర్ వద్దురా అని ఆపాడు. ఆ అన్నయ్య అప్పుడు ఏం తోచక సరే వచ్చెయ్ అని ఉంటే ఏమయ్యేదో!

87 మ్యాచ్‌లు ఆడాడు ఓక్లేర్‌కి. సగటు .336 (వెయ్యి అవకాశాల్లో 336 హిట్లు అన్నమాట), 9 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), నార్తర్న్ లీగ్‌లో ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడు. మరుసటి ఏడాది జాక్సన్‌విల్, ఆ పై ఏడాది మిల్వాకీలో పెద్ద లీగ్. 1974 ఏప్రిల్ 8న 715వ హోమ్ రన్ కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటేశాడు, 755 దగ్గర ఆపాడు. ఇందులో ఓక్లేర్ వాటా ఎంత? ఒక్క వేసవి, అదీ సగం. అయినా ఆ ఊరు 1994లో కార్సన్ పార్క్ స్టేడియం బయట ఆరన్ కంచు విగ్రహం పెట్టింది. ఆవిష్కరణకి ఆయనే వచ్చాడు. ఆ విగ్రహం 755 హోమ్ రన్ల వీరుడిది కాదు, ఓక్లేర్‌లో ఉన్నప్పటి కుర్రాడిది. అదే మైదానంలో 1960లో జో టోరీ ఆడాడు, .344తో లీగ్ మొత్తానికీ మొదటివాడిగా నిలిచి, తర్వాతి కాలంలో మేనేజరుగా న్యూయార్క్ యాంకీస్‌కి నాలుగు వరల్డ్ సిరీస్‌లు (పెద్ద లీగ్ ఫైనల్) గెలిపించాడు. కార్సన్ పార్క్ కట్టింది 1937లో. ఇప్పుడు ఓక్లేర్‌కి పెద్ద లీగ్‌తో సంబంధం ఉన్న జట్టు లేదు, వేసవిలో కాలేజీ కుర్రాళ్ళు ఆడతారు, మైదానం మాత్రం పదిలంగా ఉంది.

బాగా ఆడినవాళ్ళనే గుర్తుపెట్టుకుంటారా అంటే అదీ కాదు. డెరెక్ జీటర్ 1993లో నార్త్ కరొలైనాలోని గ్రీన్స్‌బరో జట్టుకి షార్ట్‌స్టాప్‌గా ఆడుతూ ఒక్క సీజన్‌లో ఫీల్డింగ్‌లో 56 తప్పులు చేశాడు. యాభై ఆరు! మన దగ్గర అయితే ఆరో తప్పుకే పక్కన కూర్చోబెట్టేవాళ్ళు. మూడేళ్ళకి అతను యాంకీస్‌తో వరల్డ్ సిరీస్ గెలిచాడు, 2020లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి 397 ఓట్లలో 396 వచ్చాయి. కాల్ రిప్కెన్ 1978లో బ్లూఫీల్డ్ అనే కొండ ఊరి జట్టుకి ఆడినప్పుడు ఒక్క హోమ్ రన్ కూడా కొట్టలేదు, తర్వాత 431 కొట్టాడు, వరసగా 2,632 మ్యాచ్‌లు ఆడాడు. ఆఖరికి మైకేల్ జోర్డాన్ అంతటివాడు బాస్కెట్‌బాల్ వదిలి 1994లో బర్మింగ్‌హామ్ బారన్స్‌కి ఆడితే సగటు .202 దగ్గర ఆగిపోయింది. మన యూపీ కుర్రాళ్ళు రింకు సింగ్ (క్రికెటర్ రింకు కాదు), దినేష్ పటేల్ ఈటె విసిరే అలవాటుతో పిచర్లయి 2009లో ఫ్లోరిడాలోని బ్రాడెంటన్‌లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్ళ చిన్న జట్టుకి ఆడారు, పెద్ద లీగ్‌కి చేరలేదు. చేరకపోయినా అమెరికాలో డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడిన మొదటి భారతీయులు వాళ్ళే, ఆ మాట ఎప్పటికీ వాళ్ళదే.

అంతా బాగుందని కూడా చెప్పను. 2020 సీజన్ తర్వాత పెద్ద లీగ్ ఖర్చు లెక్కలు చూసుకుని కింది జట్లను 120కి కుదించేసింది, సుమారు 40 ఊళ్ళకి పెద్ద లీగ్‌తో సంబంధం ఉన్న జట్టు పోయింది, బ్లూఫీల్డ్ అందులో ఒకటి. అది అన్యాయమనే నా అభిప్రాయం, రిప్కెన్‌ని తయారుచేసిన ఊరికి కనీసం ఆ మర్యాద దక్కాల్సింది.

ఇక మన ఊరికొస్తాను. 2005 ఏప్రిల్ 5న మధురవాడ స్టేడియానికి జనం వెళ్ళింది సచిన్ కోసం, సెహ్వాగ్ కోసం. సచిన్ 2 పరుగులకే రనౌట్ అయ్యాడు. వన్‌డౌన్‌లో పొడుగు జుట్టు కుర్రాడు వచ్చాడు, అప్పటికి నాలుగు వన్డేలు ఆడాడు, మొదటిదాంట్లో సున్నా. ఆ రోజు పాకిస్తాన్ మీద 123 బంతుల్లో 148 కొట్టాడు. ధోని మొదటి అంతర్జాతీయ సెంచరీ మన దగ్గరే పుట్టింది, అది అందరికీ తెలుసు, ఎందుకంటే టీవీలో వచ్చింది. అంతకు ముందు ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో 1988 డిసెంబరు 10న న్యూజిలాండ్ మీద శ్రీకాంత్ 70 కొట్టి, బౌలింగ్‌లో 27 పరుగులకి 5 వికెట్లు తీశాడు. ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ అయిదు వికెట్లు తీశాడంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆ స్టేడియం గోడ పక్కనుంచి రోజూ వెళ్ళేవాళ్ళలో ఎంతమందికి తెలుసు ఈ సంగతి?

టీవీలో రానివాటి సంగతి ఇంకా అన్యాయం. పోర్టు స్టేడియంలో రంజీ మ్యాచ్ జరుగుతుంటే ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళకి కూడా తెలియదు. ఎవరు వచ్చారో, ఎవరు ఆడుతున్నారో బయట ఒక్క బోర్డు ఉండదు. నేను వెళ్ళిన రోజుల్లో స్టాండులో ఆటగాళ్ళ చుట్టాలు, ఇద్దరు ముగ్గురు కోచ్‌లు, నాలాంటి రిటైరైనవాళ్ళు కొందరు. లోపల ఎండలో రోజంతా ఫీల్డింగ్ చేస్తున్న కుర్రాళ్ళలో ఐదేళ్ళ తర్వాత ఇండియా జెర్సీ ఎవరు వేసుకుంటారో ఎవరికి తెలుసు? వాళ్ళని ఉచితంగా, పది గజాల దూరం నుంచి చూసే అవకాశం మన ఊరికి ఉంది, దాన్ని వాడుకోవట్లేదు. భరత్ 2015లో గోవా మీద 308 కొట్టింది ఒంగోలు సీఎస్ఆర్ శర్మ కాలేజీ గ్రౌండులో, రంజీలో ఒక వికెట్‌కీపర్ ట్రిపుల్ సెంచరీ కొట్టడం అదే మొదటిసారి. అదే ఓక్లేర్‌లో జరిగి ఉంటే ఈపాటికి ఆ గేటు దగ్గర విగ్రహం ఉండేది. సీకే నాయుడు గారు 1953-54లో ఆంధ్ర రంజీ జట్టుకి మొదటి కెప్టెన్, అప్పటికి ఆయనకి 58 ఏళ్ళు. భారత్ మొదటి టెస్టు కెప్టెన్ ఆ వయసులో వచ్చి మన కుర్రాళ్ళని వెంటబెట్టుకుని ఆడాడంటే అది చిన్న విషయమా.

2025 అక్టోబరులో మధురవాడలో ఒక స్టాండుకి మిథాలీ రాజ్ పేరు పెట్టారు, రావి కల్పన పేరూ అక్కడ చేర్చారు. చాలా సంతోషించాను. అది పెద్ద పేర్లకి జరిగే గౌరవం. నేనడిగేది దానికన్నా చాలా చవకైన పని. మన మైదానాల్లో గేటు పక్కన ఒక బోర్డు, దాని మీద ఇక్కడ రంజీ, అండర్-19, మహిళల దేశవాళీ మ్యాచ్‌లు ఆడి తర్వాత దేశానికి ఆడినవాళ్ళ పేరు, ఏ సంవత్సరం, ఆ రోజు ఎన్ని కొట్టారు, ఎన్ని తీశారు. సున్నాకి అవుటైతే సున్నా అనే రాయాలి, దాచక్కర్లేదు. స్కోరుకార్డులన్నీ ఎలాగూ ఉన్నాయి, కూర్చుని వెతికేవాళ్ళు కావాలంతే. మా కాలనీలోనే రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు, రేపు పిలిస్తే రేపే వస్తారు, నేనూ వస్తాను.

మీ పత్రికని అడిగేది ఇంకా సులువు. వైజాగ్‌లో దేశవాళీ మ్యాచ్ ఉన్నప్పుడు ముందు రోజు సిటీ ఎడిషన్‌లో ఏ గ్రౌండు, ఎన్నింటికి, రెండు జట్లలో ఎవరెవరు అని వెయ్యండి. మ్యాచ్ అయ్యాక రెండు లైన్ల వార్తతో సరిపెట్టకుండా పూర్తి స్కోరుకార్డు ఇవ్వండి, పదకొండో నంబరువాడి పేరుతో సహా. ఐపీఎల్ వేలం గురించి మీరు పేజీలకి పేజీలు వేసే రోజుల్లో ఈ కాస్త చోటు దొరక్కపోదు. వచ్చే రంజీ సీజన్ నుంచే మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సీతమ్మధార, విశాఖపట్నం